ఒకే ఏడాది మారిన రెండు చిహ్నాలు: జువెంటస్‌ది నిలిచింది, అట్లెటికోది ఎందుకు వెనక్కి పోయింది?

#1 – ప్రభాకర్_తెనాలి

ఫుట్‌బాల్ క్లబ్బుల చిహ్నాల గురించి ఈ వేదికలో అప్పుడప్పుడూ మాటలు వస్తూనే ఉన్నాయి గానీ, "కొత్తది బాగుంది", "పాతదే నయం" అనే దగ్గరే అవి ఆగిపోతున్నాయి. అందుకని ఒక నిర్దిష్టమైన ప్రశ్నతో ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

2017లో రెండు పెద్ద క్లబ్బులు తమ చిహ్నాలను మార్చుకున్నాయి. టూరిన్ నగరపు జువెంటస్ అంతవరకూ ఉన్న కోలడాలును, అందులో రంకె వేసే ఎద్దును, దాని మీది కిరీటాన్ని, ఒకటీ మిగల్చకుండా తీసేసి, గీతలతో ఏర్పడే ఒక్క 'జె' అక్షరాన్ని పెట్టుకుంది. ఎద్దు టూరిన్ నగర చిహ్నం కాబట్టి, అది పోవడమంటే ఊరి గుర్తు పోవడమే. మాడ్రిడ్‌లోని అట్లెటికో చేసిన మార్పు దీని ముందు చాలా చిన్నది. డాలు ఉంది, ఎరుపు తెలుపు చారలు ఉన్నాయి, మాడ్రిడ్ నగర చిహ్నంలోని ఎలుగుబంటీ చెట్టూ ఉన్నాయి, ఏడు నక్షత్రాలూ ఉన్నాయి. అంచులు మెత్తబడ్డాయి, రంగులు తగ్గాయి.

అయినా అట్లెటికో 2023లో తన సభ్యులను ఓటు అడిగితే నూటికి 88 మందికి పైగా పాత చిహ్నమే కావాలన్నారు. 2024 వేసవి నుంచి అదే మళ్ళీ చొక్కా మీదికి వచ్చింది. జువెంటస్ 'జె' మాత్రం చెక్కుచెదరలేదు. ఎక్కువ మార్చినవారిది నిలబడి, తక్కువ మార్చినవారిది కూలిపోవడానికి కారణం బొమ్మలో ఉందా, బయట ఉందా? డిజైన్ తెలిసినవారూ, ఆట చరిత్ర తెలిసినవారూ ఇద్దరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

#2 – గీతల_పని

ప్రభాకర్ గారూ, నేను అచ్చుకు, ప్యాకేజింగుకు డిజైన్లు చేసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను. కారణం బొమ్మలోనే ఉందని నా నమ్మకం.

ఉన్న బొమ్మను సవరించడం ఒక పని, దాన్ని పక్కన పెట్టి వేరే బొమ్మ గీయడం ఇంకొక పని. సవరించిన బొమ్మను చూసిన ప్రతిసారీ కన్ను పాతదాన్ని వెతుక్కుంటుంది. ఏ గీత సన్నబడిందో, ఏ రంగు పోయిందో లెక్కపెడుతుంది. అట్లెటికో కొత్త చిహ్నంలో ఎరుపు, తెలుపు, నీలం తప్ప మరొక రంగు లేదు. ఎలుగుబంటీ చెట్టూ నీలం మీద తెల్లని నీడల్లా మిగిలాయి. పాతది ఎరిగినవాడికి అది ప్రతి ఆదివారం ఒక లోటుగానే కనిపిస్తుంది. జువెంటస్ 'జె'ను పాత ఎద్దు బొమ్మతో గీతకు గీత పెట్టి పోల్చడానికి అసలు వీలే లేదు. నచ్చకపోతే మొత్తం నచ్చదు, అలవాటైతే మొత్తం అలవాటవుతుంది.

పైగా అది బుద్ధిగా గీసిన అక్షరం. ఇంటర్‌బ్రాండ్ సంస్థ చేసిన ఆ పనిలో క్లబ్ చొక్కా మీది నలుపు తెలుపు చారలు ఉన్నాయి, ఇటలీ విజేతలు చొక్కాకు కుట్టుకునే చిన్న డాలు ఆకారం ఉంది, పేరులోని మొదటి అక్షరం ఉంది. మూడూ ఒకే గీతల్లో ఇమిడిపోయాయి. 2017 జనవరిలో దాన్ని ఆవిష్కరించింది టూరిన్‌లో కాదు, మిలాన్‌లో. ఫ్యాషన్, డిజైన్ రంగాల రాజధానిలో చూపించారంటే, స్టేడియానికి ఎన్నడూ రానివారికి కూడా ఆ గుర్తు ఉన్న వస్తువులు అమ్మాలన్నది వారి ఉద్దేశమని వేరే చెప్పనక్కరలేదు. ఆ ఉద్దేశం మీకు నచ్చకపోవచ్చు గానీ, దానికి తగిన రూపం అది.

ఇక తెర సంగతి. ఈనాడు ఒక క్లబ్ చిహ్నాన్ని ఎక్కువమంది చూసేది చొక్కా మీద కాదు. ఫోన్‌లో స్కోరు పక్కన గోరంత జాగాలో, సామాజిక మాధ్యమాల ఖాతాల్లో గుండ్రంగా కత్తిరించిన చోట చూస్తారు. అక్కడ పాత చిహ్నాల్లో ఉండే లాటిన్ సూక్తి నలకలా కనిపిస్తుంది. ఈ కాలంలో ఇన్ని చిహ్నాలు గుండ్రంగా మారడానికి కొంత కారణం ఇదే.

#3 – రెండో_అంచె

గీతల_పని గారి విశ్లేషణ చదవడానికి బాగుంది గానీ, చరిత్రను పూర్తిగా వదిలేసింది.

జువెంటస్ 1923 నుంచి, మధ్యలో కొన్నేళ్ళ విరామం మినహా, అన్యెల్లీ కుటుంబపు చేతిలో ఉంది. 'జె'ను తెచ్చినప్పుడు అధ్యక్షుడు ఆండ్రియా అన్యెల్లీ. అక్కడ అభిమానిని ఓటు అడిగే ఏర్పాటు లేదు, అడగలేదు కూడా. అట్లెటికో కూడా చట్టం ప్రకారం వాటాలున్న కంపెనీయే. అయితే దానికి సభ్యుల సంప్రదాయం ఇంకా మిగిలి ఉంది, చివరికి యాజమాన్యమే వారిని అడిగింది. అడిగినచోట ఫలితం తెలిసింది, అడగనిచోట తెలియలేదు. టూరిన్‌లో కూడా అదే ఓటు పెట్టి చూస్తే 'జె' నిలిచేదో లేదో మనం చెప్పలేం. "నిలిచింది" అంటే "ఒప్పుకున్నారు" అని అర్థం తీయకూడదు.

రెండోది, 2017 వేసవిలో అట్లెటికో అభిమాని పోగొట్టుకున్నది చిహ్నం ఒక్కటే కాదు. 1966 నుంచి ఆడుతున్న విసెంటె కాల్డెరాన్ మైదానాన్ని వదిలి, మాంజనారెస్ నది ఒడ్డు నుంచి ఊరి అవతలి కొసకు పోవాల్సి వచ్చింది. కొత్త మైదానానికి పేరు కూడా ఒక చైనా కంపెనీది పెట్టారు. ఇల్లూ, ఇంటిపేరూ, గుమ్మం మీది బొమ్మా ఒక్కసారే మారిస్తే, మనిషి తన చేతికి అందేదాన్నే పట్టుకుంటాడు. మైదానాన్ని తిరిగి తేలేరు, చిహ్నాన్ని తేగలరు. అందుకే ఆ ఓటు అంత గట్టిగా పడింది. గీతల మందం గురించి అంత లోతుగా ఆలోచించి ఓటు వేశారని నేను అనుకోను.

#4 – సూదీదారం

మాది హైదరాబాద్‌లో చిన్న ఎంబ్రాయిడరీ యూనిట్. స్కూళ్ళకు, కంపెనీల టోర్నమెంట్లకు జెర్సీల మీద గుర్తులు కుడతాం. చర్చకు పనికివస్తుందని పనిలోని రెండు సంగతులు చెబుతాను.

ఛాతీ మీద వేసే చిహ్నం సాధారణంగా ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అందులో నాలుగైదు మిల్లీమీటర్ల కంటే చిన్న అక్షరం దారంతో కుడితే పూడిపోతుంది; 'ఎ'కీ 'ఒ'కీ తేడా తెలియదు. మిల్లీమీటరు కంటే సన్నని గీత నిలవదు. బొమ్మలో పని ఎక్కువైతే కుట్లు దట్టమవుతాయి, పలచని పాలిస్టర్ గుడ్డ వాటి చుట్టూ ముడతపడుతుంది. దాన్ని ఆపడానికి వెనక బ్యాకింగ్ పేపర్ వేస్తే, ఆటగాడి ఒంటికి అది గరుకుగా తగులుతుంది. చారల గుడ్డ అయితే మరో చిక్కు: చిహ్నం అంచు నల్ల చారలోనూ కలిసిపోకూడదు, తెల్ల చారలోనూ కలిసిపోకూడదు. జువెంటస్ వంటి చొక్కా మీద నలుపు తెలుపు గుర్తు వేయడం గీసేవాడికి ఎంత తలనొప్పో కుట్టేవాడికీ అంతే.

అయితే ఈ ఇబ్బందులను సాకుగా చూపి పెద్ద క్లబ్బులు చిహ్నం మారుస్తున్నామంటే నేను నమ్మను. మైదానంలో ఆటగాళ్ళు వేసుకునే చొక్కాలకు ఇప్పుడు చాలావరకు కుట్టుపనే లేదు. తేలికగా ఉండాలని వేడితో అతికించే బ్యాడ్జి వేస్తున్నారు. అందులో వెంట్రుకంత గీత కూడా వస్తుంది. నేసిన బ్యాడ్జిలో సైతం మేం కుట్టేదానికంటే సన్నని పని సాధ్యమే. చిన్న అక్షరం నిలవని రోజుల్లోనే లాటిన్ సూక్తులతో చిహ్నాలు కుట్టారు, అన్నీ సాధ్యమైన ఈ రోజుల్లో తీసేస్తున్నారు.

#5 – ప్రభాకర్_తెనాలి

సూదీదారం గారి చివరి వాక్యానికి ఎవర్టన్ ఉదంతం సరిగ్గా సరిపోతుంది. లివర్‌పూల్ నగరంలోని ఆ క్లబ్ 2013లో తన చిహ్నం నుంచి "నిల్ సాటిస్ నిసి ఆప్టిమమ్" అన్న లాటిన్ సూక్తినీ, ఇరువైపులా ఉన్న పూలహారాల వంటి ఆకుదండలనూ తీసేసింది. చిన్న పరిమాణాల్లో సరిగా రావడం లేదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. ఇరవై వేల మందికి పైగా విజ్ఞాపన మీద సంతకాలు చేశారు, క్లబ్ క్షమాపణ చెప్పింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, తప్పు తెలిసినా వెంటనే దిద్దుకోలేకపోయారు, ఎందుకంటే వచ్చే సీజన్ చొక్కాల తయారీ అప్పటికే సాగిపోతోంది. అందువల్ల ఎవరికీ అక్కరలేని చిహ్నంతో 2013-14 సీజన్ మొత్తం ఆడారు. ఆ తర్వాత మూడు నమూనాలు ఇచ్చి ఓటు పెట్టి, సూక్తి ఉన్నదాన్నే ఎంచుకున్నారు.

ఆ చిహ్నం నడుమ ఉన్న బురుజు 18వ శతాబ్దంలో తాగుబోతులనూ చిల్లర దొంగలనూ ఒక రాత్రి బంధించి ఉంచడానికి కట్టిన కొట్టు. అంత మామూలు కట్టడం కోసం అన్ని వేల సంతకాలు! నాకు ఆ క్లబ్ మీద ఇష్టం పెరిగింది.

#6 – గీతల_పని

బురుజును ఎవరూ తీయలేదు కదా, ప్రభాకర్ గారూ. 2013 నాటి చిహ్నంలో దాన్ని ఇంకా పెద్దది చేశారు. గొడవ సూక్తి గురించి. దీన్ని కాస్త సాగదీసి చూస్తే ఒక వరస కనిపిస్తుంది: బొమ్మ సన్నబడినా లావైనా జనం సర్దుకుంటారు, రాత తీసేస్తే ఊరుకోరు. బార్సిలోనా 2018లో చిహ్నం నడుమ ఉన్న 'ఎఫ్‌సీబీ' (ఫుట్‌బాల్ క్లబ్ బార్సిలోనా) అనే మూడు అక్షరాలను తీసేస్తామని ప్రతిపాదించింది. మిగిలిన మార్పులు కన్ను ఆనేంత పెద్దవి కావు. ఆ అక్టోబరులో సభ్యుల ప్రతినిధుల సభ జరిగేసరికి వ్యతిరేకత చూసి ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు.

#7 – రెండో_అంచె

ఆ మూడు అక్షరాలను ఎందుకు పట్టుకున్నారో తెలియాలంటే స్పెయిన్ నియంత ఫ్రాంకో పాలన దాకా వెళ్ళాలి. బార్సిలోనా ఇప్పటి చిహ్నపు మూలరూపం 1910లో ఏర్పడింది. పోటీ పెట్టి ఎంచుకున్న ఆ నమూనా ఆటగాడు కార్లెస్ కోమమాలాదిగా చెప్పుకుంటారు. ఫ్రాంకో హయాంలో పేరును స్పానిష్ పద్ధతికి మార్చమన్నారు కాబట్టి 'ఎఫ్‌సీబీ' కాస్తా 'సీఎఫ్‌బీ' అయింది. బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు జెండాలోని నాలుగు ఎర్రగీతల్లో రెండు తీసేశారు. గీతలు 1949లో తిరిగి వచ్చాయి. అక్షరాల వరుస సరికావడానికి 1970ల దాకా పట్టింది. పాలకులు బలవంతంగా మార్పించి, దశాబ్దాల తర్వాత తిరిగి తెచ్చుకున్న అక్షరాలను, ఫోన్‌లో చక్కగా కనిపించడం కోసం మనమే చెరిపేద్దామంటే ఎవరు ఒప్పుకుంటారు?

చిహ్నం చరిత్రలో ఎన్నడూ మారకూడని పవిత్ర వస్తువేమీ కాదన్నది కూడా అదే దేశం చెబుతుంది. 1931లో స్పెయిన్ గణతంత్రమైనప్పుడు రియల్ మాడ్రిడ్ చిహ్నం మీది కిరీటం పోయింది, 1941లో తిరిగి వచ్చింది. మన అట్లెటికో అంతర్యుద్ధం ముగిశాక వైమానిక దళపు జట్టుతో కలిసి కొన్నేళ్ళు 'అట్లెటికో అవియాసియోన్'గా ఆడింది. అప్పుడు చిహ్నానికి రెక్కలు కూడా ఉండేవి. రాజ్యం మారినప్పుడల్లా చిహ్నాలు మారాయి. ఇప్పుడు ఆ స్థానంలోకి అమ్మకాల విభాగం వచ్చింది. రాత, బొమ్మ అన్న తేడాతో దీన్ని తేల్చలేం, ఎవరు మార్పించారన్నదే ప్రశ్న.

#8 – కొలంబస్_సుధ

నేను ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటున్నాను. ఇక్కడ తెలుగువారు చాలామందే ఉన్నారు గానీ, ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు వచ్చేవారు తక్కువ. మా ఊరి జట్టు కొలంబస్ క్రూ సంగతి ఈ చర్చకు బాగా సంబంధించినది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1996లో అమెరికా లీగ్ మొదలైనప్పుడు క్రూ చిహ్నంలో గట్టి టోపీలు పెట్టుకున్న ముగ్గురు కార్మికుల ముఖాలు ఉండేవి. కొలంబస్ కార్మికుల ఊరు అన్నది అందులోని భావం. 2014లో ఆ ముగ్గురినీ తీసేసి, గుండ్రని చిహ్నం తెచ్చారు. గొణిగినవారు గొణిగారు, తర్వాత అలవాటు పడ్డారు. గీతల_పని గారి వాదనకు ఇంతవరకూ ఇబ్బంది లేదు.

2017లో అప్పటి యజమాని జట్టును టెక్సస్‌లోని ఆస్టిన్‌కు తరలిస్తానన్నాడు. "సేవ్ ద క్రూ" అని ఊరంతా ఉద్యమం చేసింది. కోర్టు వ్యవహారాలూ, కొత్త పెట్టుబడిదారుల వెతుకులాటా అయ్యాక, హస్లమ్, ఎడ్వర్డ్స్ కుటుంబాలు జట్టును తీసుకుని ఇక్కడే ఉంచాయి. 2020లో జట్టు లీగ్ కప్పు కూడా గెలిచింది. అలా కాపాడుకున్న పేరును 2021 మే నెలలో ఆ కొత్త యజమానులే 'కొలంబస్ ఎస్‌సీ' (సాకర్ క్లబ్)గా మారుస్తున్నామని ప్రకటించారు. 'క్రూ' అనే మాట అధికారిక పేరులోంచి పోతుంది, ముద్దుపేరుగా మాత్రం మిగులుతుందట. దానితోపాటు ఒహాయో రాష్ట్ర జెండా ఆకారాన్ని తలపించే కోణాకారపు చిహ్నం వచ్చింది. అమెరికా రాష్ట్రాల జెండాల్లో దీర్ఘచతురస్రం కానిది మాదొక్కటే కాబట్టి, డిజైన్‌గా చూస్తే అది తెలివైన ఎంపికే.

అభిమానులు ఎలా లేచారో ఊహించుకోండి. వారం తిరగకుండానే యాజమాన్యం వారితో కూర్చుని మాట్లాడింది. పేరు కొలంబస్ క్రూగానే ఉంటుందని, చిహ్నంలో 'క్రూ' అని రాస్తామని ఒప్పుకుంది. కోణాకారం మాత్రం ఉండిపోయింది, దానికోసం ఎవరూ పోట్లాడలేదు. రెండో_అంచె గారూ, "ఎవరు మార్పించారు" అన్నది ఒక్కటే ప్రశ్న అయితే, ఆకారాన్ని కూడా వదిలి ఉండకూడదు కదా?

పక్కనే షికాగో ఫైర్ జట్టుకూ ఇలాంటిదే జరిగింది. 1871 నాటి మహా అగ్నిప్రమాదం పేరు పెట్టుకున్న జట్టు అది. అగ్నిమాపక సిబ్బంది ధరించే ఫ్లోరియన్ శిలువ ఆకారం దాని చిహ్నం. 2019 నవంబరులో దాన్ని తీసేసి, మంటలూ కిరీటమూ కలిసిన మరో బొమ్మ పెట్టారు. ఒక్కరికీ నచ్చలేదంటే అతిశయోక్తి కాదు. 2021లో మళ్ళీ శిలువ ఆకారంతో కొత్త నమూనా ప్రకటించి, 2022 నుంచి వేసుకుంటున్నారు. ఇక్కడ తీసేసింది రాత కాదు, ఆకారం. కాబట్టి గీతల_పని గారి సూత్రమూ పూర్తిగా నిలవదు.

#9 – గీతల_పని

సుధ గారూ, షికాగో నా సూత్రానికి అడ్డమే. అయితే ఆ కిరీటపు బొమ్మ బొమ్మగా కూడా బలహీనమైనది.

ఇక "అభిమానులను అడిగితే సరిపోతుంది" అన్న ధ్వని పై రాతల్లో వినిపిస్తోంది కాబట్టి, అడిగినా పడిపోయిన ఉదాహరణలు చెబుతాను. లీడ్స్ యునైటెడ్ 2018 జనవరిలో ఒక మనిషి గుండె మీద పిడికిలి పెట్టుకున్న బొమ్మను కొత్త చిహ్నంగా ప్రకటించింది. అది అక్కడి అభిమానులు చేసే నమస్కార భంగిమ. ఆరు నెలల పరిశోధన చేశామని, పదివేల మందిని సంప్రదించామని క్లబ్ చెప్పింది. అయినా వేలకు వేల సంతకాలు వ్యతిరేకంగా పోగై, క్లబ్ వెనక్కి తగ్గక తప్పలేదు. "మీకు క్లబ్ అంటే ఏమిటి" అని అడిగితే జనం "మా నమస్కారం" అని చెబుతారు. ఆ నమస్కారాన్నే బొమ్మగా గీసి చూపిస్తే ఎబ్బెట్టుగా ఉందంటారు. రెండూ నిజాయితీ గల జవాబులే. సంప్రదింపు పదార్థాన్ని ఇస్తుంది, రూపాన్ని ఇవ్వదు.

ఆస్టన్ విల్లాలో అడగడం కూడా పూర్తిగానే జరిగింది. 2022లో గుండ్రనిది కావాలా, డాలు కావాలా అని ఓటు పెడితే గుండ్రనిది గెలిచింది. 2023-24లో చొక్కాల మీద వేశారు కూడా. ఈలోగా వచ్చిన కొత్త నిర్వాహకులు అది చెల్సీ చిహ్నాన్ని పోలి ఉందని భావించి, 2024లో మళ్ళీ డాలు తెచ్చారు. రెండు క్లబ్బులదీ సింహమే, గుండ్రంలో సింహం అనగానే చెల్సీ గుర్తుకు రావడం సహజమే. ఓటు వేసినవారికి అది తట్టలేదు, గీసినవారికి తట్టి ఉండాల్సింది.

నాకు నచ్చిన పని మాంచెస్టర్ సిటీ 2015లో చేసినది. ముందు నెల రోజులు అభిమానుల అభిప్రాయాలు తీసుకున్నారు, ఆపైన గీసేపని గీసేవారికి వదిలారు. గద్ద, లాటిన్ సూక్తి, పైనున్న మూడు నక్షత్రాలు పోయాయి. ఆ నక్షత్రాలు ఏ విజయానికీ గుర్తులు కావు, 1997లో అలంకారానికి పెట్టినవి. ఓడ, లాంకషైర్ ఎర్రగులాబీ, నగరపు మూడు నదులకు మూడు చారలు, 1894 అనే సంవత్సరం మిగిలాయి. గుండ్రం కూడా కొత్తదేమీ కాదు, 1997కు ముందు వారికి ఉన్నదే. ఫోన్‌లోనూ బాగుంటుంది, తాతకూ బాగుంటుంది.

#10 – ఖరగ్‌పూర్_శ్యామ్

రైల్వే ఉద్యోగం వల్ల మా కుటుంబం మూడు తరాలుగా ఖరగ్‌పూర్‌లోనే ఉంది. ఇక్కడి తెలుగు కుర్రాళ్ళకు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అన్నవి ఇంటి తగాదాలతో సమానం. యూరప్ గురించి ఇంత రాశారు గానీ, కలకత్తాలో జరిగింది దేనికీ తక్కువ కాదు.

1889లో పుట్టిన మోహన్ బగాన్ చిహ్నం తెరచాప పడవ. 2020లో కలకత్తాలోని మరో జట్టు ఏటీకేతో కలిసినప్పుడు పడవను ముట్టుకోలేదు, రంగులు ముట్టుకోలేదు. పేరు రాసే చోట ముందు 'ఏటీకే' అని మూడు అక్షరాలు చేర్చారు. డిజైన్ పరంగా చూస్తే అంతకంటే చిన్న మార్పు ఉండదు. కానీ ఆ మూడు అక్షరాలను తొలగించమని మూడేళ్ళపాటు గ్యాలరీల్లో బ్యానర్లు లేచాయి. 2023 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ గెలిచిన వెంటనే యజమాని పేరు మార్పు ప్రకటించారు, జూన్‌లో మోహన్ బగాన్ సూపర్ జెయింట్ అయింది. కప్పు గెలిచిన సంతోషం ఎక్కువా, అక్షరాలు పోయిన సంతోషం ఎక్కువా అంటే మా వీధిలో రెండోదే అన్నారు.

కాబట్టి తీసేయడమే నేరం కాదు, చేర్చడం కూడా నేరమే. ఈస్ట్ బెంగాల్ వారి కాగడా పక్కన కూడా ఎవరైనా ఏదైనా చేర్చి చూడండి, తెలుస్తుంది. కేరళ బ్లాస్టర్స్ ఏనుగును, హైదరాబాద్ ఎఫ్‌సీ చార్మినార్‌ను ఆధారం చేసుకున్న చిహ్నాలతో వచ్చాయి. కొత్త జట్లకు వెనక చరిత్ర లేదు కాబట్టి ఊరిలో అందరికీ తెలిసినదాన్ని తీసుకోవడం సులువైన దారి. పోట్లాట వందేళ్ళ చిహ్నాల దగ్గరే వస్తుంది.

#11 – నిర్వాహకులు

ఐపీఎల్ లోగోల గురించి వచ్చిన రెండు వ్యాఖ్యలను క్రికెట్ విభాగానికి మార్చాం. ఇక్కడ ఫుట్‌బాల్ చిహ్నాల గురించే కొనసాగించగలరు.

#12 – చట్టం_చదివిన_రావు

ఇంతవరకూ ఎవరూ చెప్పని ఒక కారణం ఉంది. చిహ్నం మార్చడానికి అందమూ, ఫోనూ ఒక్కటే ప్రేరణలు కావు. చిహ్నం చట్టం దృష్టిలో ఎవరి సొత్తు అన్నది కూడా ఒకటి.

లండన్ క్లబ్ ఆర్సెనల్ 1949 నుంచి వాడిన చిహ్నంలో ఫిరంగి, ఇజ్లింగ్టన్ ప్రాంతపు గుర్తు, "విక్టోరియా కాంకార్డియా క్రెస్కిట్" అన్న సూక్తి, గోతిక్ అక్షరాలు అన్నీ ఉండేవి. వేర్వేరు కాలాల్లో వేర్వేరు చోట్ల నుంచి వచ్చి చేరిన భాగాలు కావడంతో దాని మీద తన కాపీహక్కును నిరూపించుకోవడం క్లబ్‌కు కష్టమైంది. అదే సమయంలో స్టేడియం బయట ఆర్సెనల్ గుర్తులున్న వస్తువులు అమ్ముకునే ఒక వ్యాపారి మీద వేసిన ట్రేడ్‌మార్క్ దావా యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఆ గుర్తు అభిమానానికి చిహ్నంగానే వాడుతున్నాను గానీ, క్లబ్ సరుకని చెప్పి అమ్మడం లేదన్నది అతని వాదన. 2002లో యూరోపియన్ న్యాయస్థానం, 2003లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు క్లబ్ పక్షాన నిలిచాయి. ఆ 2002లోనే ఆర్సెనల్ కొత్త చిహ్నం తెచ్చింది: ఫిరంగి, క్లబ్ పేరు, డాలు, అంతే. అన్నీ కొత్తగా గీసినవి కాబట్టి హక్కుల విషయంలో సందేహమే లేదు. పడమరకు తిరిగి ఉండే ఫిరంగి తూర్పుకు తిరగడం గురించి అప్పట్లో అభిమానులు చాలా బాధపడ్డారు గానీ, అసలు సంగతి దస్తావేజుల్లో ఉంది.

జర్మనీలో దీనికి తలకిందులైన చిక్కు. అక్కడ క్లబ్ పేరులో, చిహ్నంలో వ్యాపార సంస్థ ప్రచారం ఉండకూడదని నియమం. ఆర్‌బీ లైప్‌జిగ్ 2014లో రెండో శ్రేణికి ఎదిగినప్పుడు, చిహ్నం రెడ్‌బుల్ పానీయపు డబ్బా మీది బొమ్మలా ఉందని, మారిస్తేనే లైసెన్సు ఇస్తామని లీగ్ పట్టుబట్టింది. క్లబ్ మార్చింది. ఎర్ర ఎద్దులు మాత్రం ఇంకా ఉన్నాయి, ఎంత మారిస్తే లైసెన్సు వస్తుందో అంతే మార్చారు. డిజైనర్‌కు నియమావళి గీసి ఇచ్చిన బొమ్మ అది.

#13 – ప్రభాకర్_తెనాలి

రావు గారి రాతతో ఒక సందేహం వచ్చింది. హక్కుల కోసమో, తెర కోసమో సరళమైన గుర్తు కావాలనుకుందాం. దానికి పాత చిహ్నాన్ని చంపడమెందుకు? రెండూ ఉంచుకోవచ్చు కదా? వీధి గుమ్మానికి ఒకటి, ఫోన్‌కు ఒకటి.

#14 – గీతల_పని

ఉంచుకుంటున్నారు. లివర్‌పూల్ 2012 నుంచి చొక్కా మీద లివర్ పక్షిని మాత్రమే వేస్తోంది. అసలు చిహ్నంలో ఆ పక్షితోపాటు మైదానపు షాంక్లీ గేట్ల ఆకారమూ, హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట మృతుల జ్ఞాపకంగా రెండు జ్వాలలూ ఉన్నాయి. ఛాతీ మీద పక్షి ఒక్కటే మిగిలినప్పుడు జ్వాలలను మెడ వెనక పెట్టారు. అక్కడ ఎవరి ఇష్టానికీ వదలలేని భాగం ఒకటుందని గుర్తించి, దానికి చోటు చూపించాకే మిగిలినది సరళం చేశారు. ఆర్సెనల్ కూడా 2024-25 హోమ్ చొక్కా మీద ఫిరంగిని ఒక్కదాన్నే వేసింది.

ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్ అయాక్స్ సంగతి వేరు, అది నాకు మింగుడుపడదు. 1991లో గ్రీకు వీరుడి తలను పదకొండు మంది ఆటగాళ్ళకు గుర్తుగా పదకొండు గీతల్లో గీశారు. సరళీకరణ అంటే ఏమిటో నేర్చుకునేవారికి చూపించదగిన పని అది. 2025-26 నుంచి క్లబ్ ఆ పదకొండు గీతలను వదిలి, 1928 నాటి తలనే మళ్ళీ తెచ్చుకుంది. వివరాలు ఎక్కువ, గీతలు సన్నం, ఫోన్‌లో అంత స్పష్టంగా ఉండదు. అయినా అభిమానులకు అదే కావాలి. ఇందులో పాలకుల బలవంతం లేదు, మైదానం పోవడం లేదు, రెండో_అంచె గారు చెప్పే కారణాల్లో ఒక్కటీ లేదు. పాత బొమ్మ మీద మోజు ఇప్పటి ఫ్యాషన్, పదేళ్ళ కిందట సరళత ఫ్యాషన్ అయినట్టే.

#15 – సూదీదారం

1928 తలను కుట్టడం కష్టమేమీ కాదు, గీతల_పని గారూ. ముఖం చిన్న చిన్న ముక్కలుగా ఉంది కాబట్టి దారం అక్కడక్కడే తిరుగుతుంది. 1991 తలలో పొడవాటి వంపు గీతలున్నాయి, గుడ్డ కాస్త లాగినా వంకర కనిపిస్తుంది. చూడటానికి సరళమైనదంతా కుట్టడానికి సరళం కాదు.

#16 – రెండో_అంచె

ఫ్యాషన్ అని తేల్చేస్తే ఇక చర్చించడానికి ఏమీ మిగలదు. అయాక్స్‌ను నా కారణాలకు వెలుపల అన్నారు. 1928 తల చిహ్నంగా ఉన్న కాలంలోనే ఆ క్లబ్ 1971, 1972, 1973 సంవత్సరాల్లో వరుసగా మూడు యూరోపియన్ కప్పులు గెలిచింది, వారి మేటి ఆటగాడు క్రైఫ్ ఆడింది ఆ తల కిందే. 1991 తల కింద కూడా 1995లో ఒకటి గెలిచారు కాబట్టి అదేమీ చెడ్డ గుర్తు కాదు. రెండింటిలో ఏది మంచి డిజైన్ అని అడిగితే నేనూ పదకొండు గీతలదే అంటాను. ఏది వారిది అని అడిగితే వారే చెప్పారు.

జువెంటస్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. 'జె' వచ్చిన తర్వాత 2018, 2019, 2020లో లీగ్ గెలిచారు గానీ, ఛాంపియన్స్ లీగ్ (అదే యూరప్ కప్పు) గెలవలేదు. 1985, 1996 కప్పులు రెండూ 'జె'కు ముందు కాలానివే. 'జె' కింద యూరప్ కప్పు ఒకటి గెలిస్తే ఎద్దు గురించి ఇంకెవరూ అడగరని నా అంచనా. గెలవకుండా మరో పదేళ్ళు గడిస్తే, అన్యెల్లీ కుటుంబం ఓటు పెట్టకపోయినా ఎద్దు బొమ్మ ఉన్న పాత తరహా చొక్కా ఒకటి దుకాణంలోకి వస్తుంది, దాని అమ్మకాలే ఓటు అవుతాయి.

#17 – గీతల_పని

అమ్మకాలను ఓటుగా ఒప్పుకునేట్టయితే, 'జె'ను మిలాన్‌లో ఆవిష్కరించినవారి లెక్కే మీరూ వేస్తున్నారు. అది తప్ప మిగిలినదంతా ఒప్పుకుంటాను.